కౌలు అంటే మాట, పట్టా అంటే పేరు

రాజమండ్రిలో ఉర్దూ పాఠాలు చెప్పుకునే మాబోటి వారి దగ్గరకు ఏడాదికి ఇద్దరు ముగ్గురైనా రేకు పెట్టె పట్టుకొని వస్తూ ఉంటారు. పెట్టెలో పాత గుడ్డ మూట, మూటలో పసుపు తిరిగిన కాగితాలు. "మాస్టారూ, ఇది మా తాతల నాటి సనదండి. ఫార్సీలో ఉందంట. ఎన్ని ఎకరాలో చూసి చెప్పండి" అని అడుగుతారు. మాకు వచ్చిన ఫార్సీ అంతంత మాత్రం. అయినా పెద్దలను అడిగి, నిఘంటువు తిరగేసి, పోల్చుకోగలిగినంత పోల్చి చెబుతాము. చాలాసార్లు మేము చెప్పే మాట వినేవారికి రుచించదు.

కిందటి రంజాన్ నెలకు ముందు కోనసీమ వైపు లంక గ్రామం నుండి భార్యాభర్తలిద్దరు అట్లాగే వచ్చారు. సనదు నిజమైనదే. కాని అది ఆ కుటుంబానికి ఇచ్చినది కాదు. మసీదులో దీపం పెట్టించి, నమాజు జరిపించే సేవ నిమిత్తం ఇచ్చిన ఇనాము. దానితో పాటు ఇనాం కమిషన్ వారి టైటిలు డీడు నకలు కూడా ఉన్నది. అందులోనూ మసీదు పేరే. అది వక్ఫు అవుతుందే గాని సొంత ఆస్తి కాజాలదని చెప్పాము. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆయ్, సరేనండి. మరి మేము రెండు తరాలుగా దున్నుతున్నాం కదండీ, దానికి కాగితం ఏదండి?" అన్నారు. ఎవరి భూమి అంటే ఊళ్ళో ఒక ఆసామిదట, కౌలుకు చేస్తున్నారట. కౌలు కాగితం ఉన్నదా అంటే ఆయన నవ్వారు. ఆమె మాత్రం నవ్వలేదు.

ఆనాడు మేము సరైన జవాబు చెప్పలేకపోయాము. పుస్తకాలు చూసి, తెలిసిన వారిని అడిగి, ఆలస్యంగా వ్రాస్తున్న జవాబే ఈ వ్యాసమనుకోవచ్చును. మన సంఘ సభ్యుల కుటుంబాలలో కౌలుదారులు, కౌలుదారుల బిడ్డలు చాలామందే ఉన్నారు గనుక ఇది వారందరి సంగతి కూడాను.

మన రెవెన్యూ మాటల్లో సగం ఉర్దూ బడి పిల్లలకు తెలిసినవే. రైతు అన్నది రయ్యత్. అరబ్బీలో అది కాపరి కాపాడే మందకు చెప్పే మాట, పాలకుని సంరక్షణలో ఉన్న ప్రజ అనే అర్థంలోకి వచ్చింది. దర్ఖాస్తు అంటే మనవి. బంజరు కోసం మనవి పెట్టుకొంటే వచ్చింది గనుక దర్ఖాస్తు భూమి అన్నారు. కిస్తీ, జమాబందీ, దస్తావేజు, హద్దు, వసూలు, ఇవన్నీ అటు నుండి వచ్చినవే. అడంగల్‌లో ఫసలీ అని ఒక సంఖ్య వేస్తారు చూడండి, ఫసల్ అంటే పంట. జూలై ఒకటిన ఆ సంవత్సరం మొదలవుతుంది. ఫసలీకి 590 కలిపితే ఇంగ్లీషు సంవత్సరం తేలుతుంది. ఇక కౌలు. అది ఖౌల్. ఖౌల్ అంటే మాట, ఒకరికొకరు ఇచ్చుకున్న మాట. పాత రోజుల్లో ఆ మాటను కాగితం మీద పెట్టి కౌల్‌నామా అన్నారు. మన డెల్టాలో ఆ నామా కాస్తా జారిపోయింది, కౌలు మాత్రం మిగిలింది. ఆ జారిపోవడం ఎట్లా జరిగిందన్నదే ఇక్కడి పేద రైతు చరిత్ర అంతా.

ఈ సర్కారు జిల్లాలు 1765లో షా ఆలం పాదుషా ఫర్మానాతో ఈస్టిండియా కంపెనీకి సంక్రమించాయి. మరుసటి ఏడు నిజాంతో ఒప్పందం జరిగింది. 1802-03లో కంపెనీవారు శాశ్వత శిస్తు నిర్ణయం చేశారు. పెద్దాపురం, పిఠాపురం వంటి పాత జమీలు ఎట్లాగూ ఉన్నాయి. అవి గాక సర్కారు కింద నేరుగా ఉన్న హవేలీ భూములను కూడా ముఠాలుగా కోసి వేలం వేశారు. పాడుకొన్న వారు ఏటా ఇంత సొమ్ము కట్టాలి. ఆ సొమ్ము ఏ రైతు దగ్గర, ఎట్లా, ఎంత పిండి తెస్తారో సర్కారుకు పట్టలేదు. దున్నేవాని పేరు ఏ లెక్కలోకీ ఎక్కలేదు. దాని పైన నందన కరువు వచ్చిపడింది. 1830, 40లలో ముఠాలు ఒకటొకటిగా బాకీపడి మళ్ళీ సర్కారు చేతికే వచ్చాయి. 1844లో ఈ జిల్లా దుస్థితిని విచారించి నివేదిక ఇచ్చినవాడు హెన్రీ మాంట్‌గొమరీ. 1821లో 7 లక్షల 38 వేలున్న రాజమండ్రి జిల్లా జనాభా 1841 నాటికి 5 లక్షల 61 వేలకు దిగింది. పోయిన వారు పోగా మిగిలిన వారు వలసపోయారు. గోదావరి ఒడ్డున ఇట్లా జరిగిందంటే ఈనాటి పిల్లలు నమ్మరు.

తరువాతి కథ అందరికీ తెలిసినదే. ఆర్థర్ కాటన్ దొరవారు 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కు ఆనకట్ట పూర్తిచేశారు. ఇప్పుడు డెల్టా కింద సుమారు 10 లక్షల ఎకరాలు సాగవుతున్నాయి. కాటన్ గారికి దండలు వేసే ఉపన్యాసాలలో ఒక సంగతి మాత్రం వినబడదు. నీరు వచ్చాక భూమికి విలువ వచ్చింది. విలువ వచ్చాక దున్నేవానికీ భూమికీ నడుమ మనుషులు పెరిగారు. 1860లలో రైత్వారీ పద్ధతి వచ్చి, ప్రభుత్వం జమీందారుతో గాక పట్టాదారుతో నేరుగా వ్యవహరించడం మొదలైంది. అది మంచిదే. కాని పట్టాదారు తానే దున్నాలని ఎవరూ అనలేదు. పట్టా ఒకరి పేరనుంటే నాగలి మరొకరి భుజాన ఉండేది.

జమీందారీ గ్రామాలలో రైతుల పోరాటం వేరే దారిన నడిచింది. 1908 ఎస్టేటు భూముల చట్టం రైతుకు సాగు హక్కు కొంత ఇచ్చింది. 1937లో రాజాజీ మంత్రివర్గం వచ్చాక టంగుటూరి ప్రకాశం గారి అధ్యక్షతన విచారణ సంఘం వేశారు. భూమి జమీందారుది కాదు, రైతుదే అని 1938లో ఆ సంఘం గట్టిగా చెప్పింది. మంత్రివర్గం 1939లో రాజీనామా చేయడంతో ఆ నివేదిక బీరువాలో పడింది. పదేళ్ళ తరువాత, 1948లో, ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చింది. పిఠాపురం వంటి జమీల కింద ఉన్న రైతులకు రైత్వారీ పట్టాలు వచ్చాయి. తరతరాల నాటి జమీ పోయింది. ఇది చిన్న విషయం కాదు.

అయితే ఇక్కడ మనవారు గమనించవలసిన సంగతి ఒకటున్నది. ఆ పట్టా ఎవరికి ఇచ్చారు? జమీ లెక్కలలో రైతుగా పేరున్న వారికి. ఆ రైతు తన భూమిని మరొకరికి కౌలుకిచ్చి ఉంటే, చేలో కాలు పెట్టి పండించిన ఆ మరొకరికి ఏమీ రాలేదు. పైగా డెల్టా నడుమ భాగం చాలావరకు అప్పటికే రైత్వారీ. అక్కడ రద్దు చేయడానికి జమీందారే లేడు, పట్టాదారు ఉన్నాడు. కనుక జమీందారీ పోయిన సంబరం అమలాపురం, భీమవరం ప్రాంతాల కౌలుదారు గడపకు పెద్దగా చేరలేదనే చెప్పాలి.

ఈ సందర్భంలో మా తరగతిలో మేము తరచు చెప్పే విషయం ఒకటి జ్ఞాపకం వస్తున్నది. హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో ఇరాక్ నేల ముస్లిముల వశమైనప్పుడు, దానిని పంచిపెట్టమని సైనికులు కోరారు. ఆయన ఒప్పుకోలేదు. పండించేవారి చేతిలోనే ఉంచి ఖరాజు విధించారు. అంతటితో ఊరుకోలేదు. ఉస్మాన్ బిన్ హునైఫ్ గారిని పంపి నేలంతా కొలిపించి లెక్క వ్రాయించారు. న్యాయం చేయాలనుకోవడం ఒక ఎత్తు, కొలిచి వ్రాయడం ఒక ఎత్తు. మన దగ్గర మొదటిదానికి కొదవ లేదు, రెండవదానిలోనే వచ్చింది చిక్కు.

1956 కౌలు చట్టం సంగతే చూడండి. కౌలు గడువు ఆరేళ్ళకు తక్కువ ఉండరాదన్నారు. మక్తా ఇంతకు మించరాదన్నారు. కారణం చూపకుండా తొలగించరాదన్నారు. 1974లో దానిని సవరించి, కౌలుదారును ఇంకా బలపరచి, భూస్వామి అమ్మదలిస్తే కొనుక్కునే మొదటి హక్కు కౌలుదారుదే అన్నారు. ఆ సవరణ 1980లో అమలుకు వచ్చింది. చదివితే కళ్ళకద్దుకోవాలనిపిస్తుంది. ఫలితం తలకిందులైంది. కౌలుదారు పేరు ఎక్కడైనా కాగితం మీద పడితే చాలు, భూమి చేజారుతుందని భూస్వాములకు భయం పట్టుకొన్నది. అంతే, వ్రాత మానేశారు. అంతా నోటి మాట. ఈ ఏడు ఈ చేను, వచ్చే ఏడు ఆ చేను. మా దగ్గరకు వచ్చిన దంపతులను కూడా మూడేళ్ళకొకమారు ఒక చేను నుండి ఇంకొక చేనుకు మార్చేవారట. "అదేదో మా మంచికేననుకున్నామండి, సారం పోయిన నేల మారుస్తున్నారనుకున్నాం" అన్నది ఆమె.

అడంగల్‌లో పట్టాదారు పేరుకు ఒక గడి, అనుభవదారు పేరుకు ఒక గడి వేరువేరుగా ఉంటాయి. ఆ రెండవ గడి పెట్టింది అసలు సాగు చేసే మనిషి పేరు వ్రాయడానికే. ఏళ్ళ తరబడి డెల్టా గ్రామాల్లో రెండు గడుల్లోనూ ఒకే పేరు పడుతూ వచ్చింది. వ్రాసేది కరణం గారు. కరణం గారు ఎవరి అరుగు మీద కూర్చుంటారో మనకు తెలియనిది కాదు. 1984 జనవరిలో రామారావు గారి ప్రభుత్వం కరణం, మునసబు పదవులను ఒక్క కలంపోటుతో తీసివేసింది. తరువాత పట్టాదారు పాసు పుస్తకాలు వచ్చాయి, కంప్యూటర్లు వచ్చాయి. పాత అడంగల్‌లో ఉన్నదే కంప్యూటరు లోకి ఎక్కింది. రెండవ గడి మటుకు అట్లాగే ఉన్నది.

ఇదే కాలంలో బెంగాల్‌లో ఏమి చేశారో చెప్పుకోవడం మంచిది. 1978లో అక్కడ ఆపరేషన్ బర్గా అని మొదలుపెట్టారు. బర్గాదారు అంటే పాలికి చేసే రైతు. వారిలో మన ముస్లిం సోదరులూ చాలామంది. రెవెన్యూ అధికారులు కచేరీలో కూర్చొని పిలిపించుకోలేదు. పని ముగిసే వేళకు తామే పల్లెలకు వెళ్ళి, రైతుకూలీల మధ్య కూర్చొని, ఏ చేను ఎవరు చేస్తున్నారో నలుగురి ఎదుట అడిగి, పొలం చూసి, పేర్లు వ్రాసుకొన్నారు. అట్లా సుమారు 14 లక్షల మంది పేర్లు రికార్డుకెక్కాయి. వారు భూమికి యజమానులు కాలేదు గాని, వారిని లేవగొట్టడం ఎవరి తరమూ కాకుండా పోయింది. కేరళవారు 1970లో ఇంకొక అడుగు ముందుకు వేసి కౌలుదారునే హక్కుదారుని చేశారు. మన చట్టం వారి చట్టాలకు అక్షరాలలో పెద్దగా తీసిపోదు. సాయంత్రం వేళ పల్లెకు వెళ్ళి పేరు వ్రాసుకొన్నవాడు ఇక్కడ లేడు.

భూపరిమితి చట్టం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. 1961లో ఒకటి, 1973లో మరొకటి వచ్చాయి. రెండవదాని ప్రకారం అయిదుగురి కుటుంబానికి రెండు పంటల మాగాణి అయితే 10 ఎకరాల నుండి, మెట్ట అయితే 54 ఎకరాల వరకు నేల తరగతిని బట్టి పరిమితి. చట్టం వస్తున్నదని ముందే తెలిసినవారు ముందే జాగ్రత్త పడ్డారు. మిగులు భూమిగా తేలినది చాలావరకు ఎవరికీ పనికిరాని నేల. మంచి మాగాణి దొరికిన పేదలు లేకపోలేదు, వారి పిల్లలు ఈనాడు చక్కగా ఉన్నారు కూడాను. కాని లెక్కకు తక్కువ.

సర్కారు స్వయంగా పంచిన భూమి మాట వేరు. గోదావరి మనకు లంకలు ఇచ్చింది. వరద తెచ్చిన ఒండ్రు మేటవేసి లంక అవుతుంది, పొగాకుకు, కూరగాయలకు పేరుపొందిన నేల. లంక భూములు సర్కారువే గనుక ఏక్‌సాలు కౌలుకిచ్చేవారు. ఏక్ సాల్ అంటే ఒక్క ఏడాదే. మరుసటి ఏడు మళ్ళీ మనవి, మళ్ళీ కచేరీ చుట్టూ తిరుగుడు. కొన్నిచోట్ల పేద కూలీల సహకార సంఘాలకు ఇచ్చారు, కొన్నిచోట్ల పట్టాలూ ఇచ్చారు. 1986 ఆగస్టు వరద చూసినవారు మనలో ఉన్నారు. ఇటువంటి వరదల్లో లంకలు ఒక ఒడ్డున కోసుకుపోయి మరొక ఒడ్డున మేటవేస్తాయి. పట్టా మాత్రం కోసుకుపోయిన నేలకే ఉంటుంది. నేల నది అడుగున, కాగితం పెట్టె అడుగున. కొత్తగా మేటవేసిన నేల మీదికి ఎవరు ముందు పాక వేస్తే వారిది, పేదవాడు ముందు వేసిన దాఖలాలు తక్కువ.

కొల్లేరు ఇంకా పెద్ద పాఠం. 1970ల నడుమ జలగం వెంగళరావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా కొల్లేటి నేలను మత్స్యకారుల, బలహీన వర్గాల సహకార సంఘాలకు ఇచ్చారు. ఉద్దేశం మంచిదే. చేపల చెరువు తవ్వాలంటే, పిల్ల వేయాలంటే, మేత కొనాలంటే లక్షలు కావాలి. సంఘం సభ్యుని చేతిలో ఉన్నది సంతకం పెట్టే వేలు మాత్రమే. నెమ్మదిగా చెరువులు పెట్టుబడి పెట్టగలవారి లీజులోకి పోయాయి. పేరు పేదవారిది, చేప పెద్దవారిది. 1999లో కొల్లేరును పక్షుల అభయారణ్యంగా ప్రకటించారు. 2006లో చెరువుల గట్లు పగులగొట్టారు. గట్లు పగిలిన రోజున లీజుకు తీసుకొన్నవారు వేరే వ్యాపారం చూసుకొన్నారు, లంక గ్రామాలవారు మాత్రం గట్టు మీదనే నిలబడ్డారు. కాబట్టి పేరు వ్రాయించుకోవడంతోనే అంతా అయిపోతుందని మేము అనడం లేదు. పేరు లేకపోతే మొదలే లేదంటున్నాము.

ఆమాటకొస్తే సర్కారు ఇచ్చిన డి-పట్టా భూమిని అమ్మినా కొన్నా చెల్లదని 1977లో ప్రత్యేకంగా చట్టమే చేశారు. బిడ్డ పెళ్ళికో ఆసుపత్రి ఖర్చుకో తెల్ల కాగితం మీద అమ్ముకొన్నవారు మన ఎరుకలోనే ఎందరో. 2023లో ఆ చట్టాన్ని సవరించి, ఇరవై ఏళ్ళు దాటిన పట్టాలకు అమ్ముకునే హక్కు కల్పించారు. పేదవాని చేతిలో భూమి నిలపడానికి ఒక చట్టం, వదిలించుకోవడానికి వీలు కల్పిస్తూ మరొకటి. ఏది మేలు చేస్తుందన్నది మా మిత్రులలోనే రెండు పక్షాలుగా వాదన నడుస్తున్నది. మా మటుకు మాకు మొదటిదే మేలనిపిస్తుంది.

లాక్కొని పంచడం, అడిగి పంచడం, ఈ రెండూ చూసిన దేశం మనది. 1951 ఏప్రిల్ 18న నల్గొండ జిల్లా పోచంపల్లిలో నలభై పేద కుటుంబాలవారు 80 ఎకరాలు కావాలని వినోబా గారిని అడిగితే, వెదిరె రామచంద్రారెడ్డి గారు 100 ఎకరాలు ఇస్తానని లేచి నిలబడ్డారు. భూదానం అక్కడే పుట్టింది. మూడవ దారి ఒకటి ఈమధ్య కాలంలో మన రాష్ట్రంలో నడిచింది, దానిని గూర్చి మనవాళ్ళకు అంతగా తెలియదు. అది కొని ఇవ్వడం. 2000 తరువాత వెలుగు అనీ, ఆపైన ఇందిరా క్రాంతి పథం అనీ పేరుపెట్టి గ్రామీణ పేదరిక నిర్మూలన సంస్థ వారు నడిపిన కార్యక్రమంలో ఇదొక భాగం. ఇష్టపడి అమ్మేవారి దగ్గర కొద్దికొద్దిగా నేల కొని, పొదుపు సంఘంలోని పేద మహిళ పేర రిజిస్టరు చేయించేవారు. ఎవరికి కావాలో, ఏ నేల మంచిదో, ధర ఎంతో గ్రామంలోని మహిళలే కూర్చొని చూసేవారు. పట్టా భర్త పేర కాదు, భార్య పేర. అమెరికాలో సియాటిల్ నగరాన రాయ్ ప్రోస్టర్‌మన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడు స్థాపించిన లాండెసా సంస్థ వారు దీనికి సలహాదారులు. ఈయన 1970లో దక్షిణ వియత్నాంలో దున్నేవానికే భూమి చట్టం వ్రాయడానికి తోడ్పడినవాడు. కొద్ది సెంట్ల నేల అయినా సొంతమైతే పేద కుటుంబం కూరగాయలు, కోళ్ళు, ఒక పాడి పశువుతో నిలదొక్కుకొంటుందని ఆ సంస్థ వాదన.

డెల్టా మాగాణి ధర ముందు ఇటువంటి పథకాల సొమ్ము ఏమూలకూ చాలదు, నిజమే. ఆ కార్యక్రమంలో మాకు ఎక్కువ నచ్చినది మరొకటి. పల్లెల్లో చదువుకొన్న పేద ఇంటి పిల్లలనే ఎంచి, భూమి చట్టాలు నేర్పి, పారాలీగల్ అని పేరుపెట్టి ఊళ్ళకు పంపారు. వారు ఇంటింటికీ తిరిగి, ఎవరి దగ్గర భూమి ఉండి కాగితం లేదు, ఎవరి దగ్గర కాగితం ఉండి భూమి లేదు అని జాబితాలు తీసి, తహసీల్దారు కచేరీకి వెంట వెళ్ళి పని అయ్యేదాకా నిలబడేవారు. బెంగాల్‌లో అధికారి చేసిన పనిని ఇక్కడ కొంతమేరకు ఈ పిల్లలు చేశారు. 2006లో నివేదిక ఇచ్చిన కోనేరు రంగారావు గారి భూమి కమిటీ కూడా పేదలకు ఇటువంటి తోడు కావాలన్నది.

ఆడవారి పేరనే పట్టా అన్నప్పుడు మనవారిలో కొందరు మొహం చిట్లిస్తారు. వారి కోసం ఒక మాట. ఆడబిడ్డ వాటా సూరా నిసాలో అల్లాహ్ స్వయంగా నిర్ణయించినది. 1937లో షరియత్ చట్టం చేసినప్పుడు ఆంగ్ల ప్రభుత్వం వ్యవసాయ భూమిని దాని పరిధి నుండి తప్పించింది. ఇల్లూ నగా పంచితే చాలు, చేను వద్దన్నట్టు. ఉమ్మడి మద్రాసు శాసనసభవారు 1949లో దానిని సవరించి వ్యవసాయ భూమిని కూడా చేర్చారు. మన గోదావరి జిల్లాలు ఆనాడు మద్రాసులోనివే. అంటే చేలో కూడా కూతురికి షరియత్ వాటా ఇక్కడ చట్టప్రకారం వచ్చి డెబ్బయి అయిదేళ్ళు దాటింది. ఎన్ని ఇళ్ళలో కొలిచి ఇచ్చారో ఎవరి గుండె మీద వారు చేయి వేసుకొని చూసుకోవలసిందే. మా ఇంట్లో కూడా అక్కలకు ఇవ్వవలసినది ఆలస్యంగానే ఇచ్చాము, దాచడమెందుకు?

ఇక కౌలుదారుకు చట్టాలు ఈమధ్య కూడా రాకపోలేదు. 2011లో గిట్టుబాటు లేదని కోనసీమ రైతులు ఖరీఫ్‌లో నాట్లు మానివేసి పంట విరామం ప్రకటించిన ఏడాదే, కౌలుదారుకు రుణ అర్హత కార్డు ఇచ్చే చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారు హక్కుల చట్టం వచ్చింది. పదకొండు నెలల ఒప్పందం, దాని మీద భూస్వామి సంతకం. భూమి హక్కుకు దీనితో సంబంధం లేదని అందులోనే వ్రాశారు, భూస్వామి భయపడనక్కరలేదని. అయినా ఆ సంతకం దగ్గరే బండి ఆగుతున్నది. ఆ దంపతులూ అడిగారట. "సంతకం ఎందుకురా, మన మధ్య మాట లేదా?" అన్నారట ఆసామి. మాట! మళ్ళీ అక్కడికే వచ్చాము.

ఆ తరువాత జరిగినది చెప్పి విరమిస్తాము. వర్షాకాలంలో ఆ ఊళ్ళోనే ఒక వృద్ధురాలు ఊరి పక్కన ఉన్న 30 సెంట్ల మెరక నేల అమ్ముతున్నట్టు తెలిసి ఆ దంపతులు మళ్ళీ మా దగ్గరకు వచ్చారు. ఈసారి రేకు పెట్టె తేలేదు. ఆమె కాసులపేరు అమ్మింది, ఆయన గేదెను అమ్మారు. తక్కువ పడినది మన సంఘం నుండి ఖర్జె హసనాగా ఇచ్చాము. వడ్డీ లేదు, పంటకు ఇంత చొప్పున తిరిగి కట్టుకోవాలి. ఎవరి పేర రిజిస్టరు చేయించాలన్నప్పుడు ఆయన కొంచెం తటపటాయించి, "ఆవిడ కాసులపేరే కదండీ ఎక్కువ వచ్చింది, ఆవిడ పేరనే పెట్టండి" అన్నారు.

రిజిస్ట్రేషన్ అయింది గాని మ్యుటేషన్ దగ్గర చిక్కుపడింది. ఆమె పేరు చివర ఆధార్‌లో బీ అని ఉంది, రేషన్ కార్డులో బీబీ, బ్యాంకు పుస్తకంలో బేగం. షేక్ అన్నది ఒకచోట ముందుంది, ఒకచోట అసలు లేదు. మన ఇళ్ళలో ఇది మామూలే, పొలం కొనేదాకా ఎవరూ పట్టించుకోరు. మూడు నెలలు తిరిగారు. చివరిసారి మేము కూడా వెంట వెళ్ళాము. కంప్యూటరు ముందున్న అబ్బాయి "పేరు చెప్పండమ్మా" అంటే ఆమె అలవాటు కొద్దీ భర్త వైపు చూసింది. పక్కనే ఉన్న తొమ్మిదో తరగతి కూతురు ముందుకు వచ్చి తల్లి పేరు అక్షరం అక్షరంగా చెప్పడం మొదలుపెట్టింది. ఆ అబ్బాయి కొట్టినది తెర మీద చూసి, "దీర్ఘం పడలేదండి, అది దిద్దండి" అన్నది. అతను దిద్దాడు.